అయ్యగారి కారు మీద నారింజ రంగు కాగితం

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భయమూ భక్తీ ఉండేవి, ఇమిగ్రేషన్ అంటే ఉత్త భయమే ఉండేది. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక అపార్ట్‌మెంట్‌లో ఇంకో అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. ఆ అమ్మాయిని అందరం లాయరమ్మ అనేవాళ్లం. చదివింది కంప్యూటర్లే గానీ, వీసాల గురించి నెట్‌లో ఎవరేం రాసినా వదలకుండా చదివి, అందులో భయపెట్టే ముక్కల్ని మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకునేది. పోలీసు కారు పక్కనుంచి పోతే చాలు, ఇద్దరం సీట్లలో నిటారుగా కూర్చునేవాళ్లం (మా కారు ఆగి ఉన్నా సరే).

ఆ ఏడు ఉద్యోగ వీసాల లాటరీలో నా హెచ్ వన్ వచ్చింది. "ముందు అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకో, స్వీట్లు తర్వాత పంచుదువుగాని" అని మా అమ్మ నరసాపురం నుంచి ఫోన్‌లో హుకుం జారీ చేసింది. అయ్యగారంటే మా తెలుగు చర్చి పాస్టరుగారు. కాకినాడ వైపు మనిషి, మెత్తటి గొంతు, పాత బూడిద రంగు కారు. శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అని చర్చిలో ప్రకటించారు. నేను చికెన్ బిర్యానీ ఆర్డరిచ్చి, పులిహోర స్వయంగా కలిపి, అన్నిటికంటే ముందు పార్కింగ్ గురించి ఆలోచించాను.

మా అపార్ట్‌మెంట్లో వచ్చిపోయేవాళ్ల కోసం నాలుగే నాలుగు స్థలాలుండేవి. బండి నంబరు వెబ్‌సైట్‌లో కొడితే రెండు గంటలు ఉండనిస్తారు. అది దాటితే మళ్లీ కొట్టాలి. కొట్టకపోతే పార్కింగ్ కంపెనీ మనిషి వచ్చి అద్దం మీద నారింజ రంగు జరిమానా కాగితం పెట్టిపోతాడు. మిగతావాళ్లందర్నీ బయట వీధిలో పెట్టుకోమని, అయ్యగారికి మాత్రం మా కిటికీ కిందే మర్యాదగా చోటు చూపించి, నంబరు కొట్టి, ఫోన్‌ని వంటింట్లో చార్జింగ్‌కి పెట్టేశాను. పాటలు అరగంట, వాక్య ప్రసంగం ముప్పావుగంట, ప్రార్థన పావుగంట అనుకున్నాను. మా అయ్యగారు "చివరిగా ఒక్క మాట" అన్నాక ఎంతసేపు మాట్లాడతారో తెలిసి కూడా అలా అనుకోవడం నా తెలివితక్కువతనం.

ఆ రోజు ఒక్క మాట తర్వాత ఇంకో మాట, ఆ తర్వాత నిజంగా చివరి మాట అయ్యాయి. అందరం మోకరించాం. అయ్యగారు కళ్లు మూసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. నేను కిటికీ పక్కన ఉన్నాను. ఎందుకో అనుమానమొచ్చి ఒక కన్ను తెరిచాను. కింద టోపీ పెట్టుకున్న మనిషి అయ్యగారి కారు చుట్టూ తిరుగుతున్నాడు! తల మీద చెయ్యి ఉండగా లేచి పోయేదెలా? "ప్రభువా, ఈ బిడ్డను ప్రతి కీడునుండి తప్పించు" అని అయ్యగారు అంటుండగానే ఆయన కారు అద్దం మీద కాగితం పడింది. చుట్టూ ఉన్న ఆంటీలందరూ "ఆమేన్" అన్నారు.

భోజనాలు కాగానే "పులిహోర డబ్బా కార్లో పెట్టొస్తాను, తాళాలివ్వండి అయ్యగారూ" అని కిందికి పరిగెత్తి, ఆ కాగితం పీకి చున్నీలో దాచేశాను. అందరూ వెళ్లాక లాయరమ్మకు చూపించాను.

"ఏందే ఇది, వయొలేషన్ అని ఇంత పెద్దగా రాసుంది! వచ్చే గురువారమే గదా అయ్యగారి గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ?"

"అయితే?"

"ఎప్పుడన్నా సైటేషన్, అంటే ఇట్లాంటి జరిమానా, వచ్చిందా అని అడుగుతరు. లేదంటే అబద్ధం, ఉందంటే అనుమానం. అయ్యగారేమో అబద్ధం చెప్పరు."

ఏడేళ్లుగా ఆ కార్డు కోసం ఎదురుచూస్తున్నారు అయ్యగారు. నా లాటరీ కోసం మోకాళ్ల మీద ఉన్న మనిషి కార్డు నా మూలంగా పోతుందా? ఆయనకు చెప్పే ధైర్యం లేక, సోమవారం సగం రోజు సెలవు పెట్టి, కాగితాన్ని బైబిల్లో కీర్తనల మధ్య పెట్టుకుని సిటీ కోర్టుకు వెళ్లాను.

కౌంటర్ వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "తప్పు నాది, ఆయనది కాదు, దయచేసి నా పేరు మీద రాసుకోండి" అని గడగడా చెప్పేశాను. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"హనీ, ఇది పోలీస్ టికెట్ కాదు. ప్రైవేట్ కంపెనీ వాళ్లది. మా దగ్గర దీనికి కేసూ లేదు, రికార్డూ లేదు. వెళ్లి మీ అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీస్‌తో మాట్లాడుకో."

"రికార్డ్ లేదా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఓపిగ్గా లేదంది. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఆవిడ టిష్యూ ఇచ్చి, "పోయినేడు ఇలాగే ఒకాయన వచ్చాడు. చేతిలో బైబిల్, ఇదే రంగు కాగితం. వెళ్లేముందు నా మోకాలి నొప్పి కోసం ప్రార్థన కూడా చేశాడు" అంది. నేను కళ్లు తుడుచుకునే హడావిడిలో దాన్ని పట్టించుకోలేదు. లీజింగ్ ఆఫీస్‌లో అమ్మాయి "ప్రేయర్ అంత లాంగా?" అని ఆశ్చర్యపోయి, మొదటిసారి కదా అని రెండు నిమిషాల్లో కేన్సిల్ చేసేసింది. బయటికొచ్చి కార్లో కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

గురువారం అయ్యగారి ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఆదివారం చర్చి అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఆయన్ని ఆపి మొత్తం ఒప్పేసుకున్నాను. ఆయన నవ్వి, కారు తలుపు తీసి, గ్లవ్ బాక్స్ తెరిచారు. లోపల రబ్బరు బ్యాండ్ వేసిన నారింజ, పసుపు, గులాబీ రంగు కాగితాల కట్ట!

"ప్రార్థన పెట్టిన ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఒకటి ఇస్తారమ్మా. మొదటిదానికి నేనూ నీలాగే కోర్టుకు పరిగెత్తాను. అక్కడ ఒక తల్లి ఉంటుంది, పాపం మోకాళ్ల నొప్పి. తర్వాత ఆఫీసులో చెప్పి కేన్సిల్ చేయించుకోవడం నేర్చుకున్నాను. కాగితాలు పారేయబుద్ధి కాలేదు. ఏ ఇంటిది ఆ ఇంటివాళ్ల పేరు రాసి, రోజూ ప్రార్థన చేసుకుంటాను." చెయ్యి చాపారు. "నీది ఇవ్వు తల్లీ. వారం నుంచి వెతుకుతున్నాను."

మొన్న మా కొత్తింట్లో ప్రార్థన జరిగింది. ఇప్పుడు మా ఇంటికి సొంత డ్రైవ్‌వే ఉంది, ఎంతసేపైనా పెట్టుకోవచ్చు. అయ్యగారు అదే బూడిద రంగు కారులో వచ్చారు. "చివరిగా ఒక్క మాట" అనగానే మా అబ్బాయి నా వైపు దీనంగా చూశాడు. అందరం మోకరించాం. నాకు అలవాటుగా ఒక కన్ను తెరుచుకుంది. కిటికీలోంచి చూశాను. కారు అద్దం ఖాళీగా ఉంది, టోపీవాడు ఎక్కడా లేడు. కీర్తనల మధ్య కాగితం పెట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, నవ్వాపుకుని, హాయిగా రెండు కళ్లూ మూసుకున్నాను.