పిల్లలను తీసుకురాకూడదని రాసిన ఉత్తరం

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో పనిచేసేదాన్ని. ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే కార్యకర్తలకు తరగతులు ఏర్పాటు చేయడం నా పని. హాలు, భోజనాలు, పడకలు, హైదరాబాద్ డాక్టర్లకు కారు, అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఒకసారి వెనుక వరుసలో పసిపిల్లలు ఏడుస్తున్నారని ఒక డాక్టరమ్మ విసుక్కుని మధ్యలోనే మైకు కింద పెట్టేసింది. ఆ తర్వాత తరగతులకు రమ్మని పంపే ఉత్తరాల్లో నేనొక వాక్యం చేర్చాను: 'పిల్లలను వెంట తీసుకురాకూడదు.' రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఆసారి మూడు రోజుల తరగతులు. చెప్పేదేమో, ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలే పట్టాలని.

రెండో రోజు మధ్యాహ్నం, ఆత్మకూర్ అవతలి ఊరి నుంచి వచ్చిన ఒకామె తరగతిలో కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్లాను. చేతులు కడుక్కునే చోట గోడవైపు తిరిగి పాలు పిండి పారబోస్తోంది. రవిక తడిసిపోయింది. నన్ను చూసి గబుక్కున కొంగు కప్పుకుంది.

"ఎన్ని నెలల బిడ్డ?" అన్నాను.

"మూడు నిండినయి మేడం. మా అత్త దగ్గర ఇడిసొచ్చిన."

"మరి నాకొక మాట చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? పిల్లల తేవద్దని మీరే రాసిండ్రు గద. రాకుంటే కొలువు పోతదని భయమైంది."

ఆ సాయంత్రమే ఆమెను బస్సెక్కించాను. మూడో రోజుకు కూడా హాజరు వేశాను. అంతటితో తప్పు దిద్దుకున్నాననుకున్నాను.

మరుసటి ఏడాది పని మీద వాళ్ల ఊరికి వెళ్లాను. పాప తలుపు పట్టుకుని నిలబడుతోంది. ఆమె చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"గా రెండు దినాలల్ల సీసాకు మరిగింది మేడం. నేనొచ్చి రొమ్ము పడ్తే మొకం తిప్పుకున్నది. వారం దినాలు ఏడ్సుకుంటనే పట్టి చూసిన. ఆఖరికి నాకే పాలు ఇంకిపోయినయి."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. "నన్ను తిట్టుకున్నవా?" అన్నాను.

"మిమ్ముల ఎందుకు తిడ్త? గని, బాలింతల ఇండ్లకు పోయి పాలియ్యుండ్రి అంటే, నీ బిడ్డకేం పట్టినవని అడుగుతున్నరు. నాకు నోరు వస్తలేదు."

పాప పాకుతూ వచ్చి చేతులు చాపింది. ఎత్తుకున్నాను.

ఆ తర్వాత ఆ వాక్యం తీసేశాను. పసిబిడ్డను, చూసుకునే మనిషిని వెంట తెచ్చుకోమని రాసేదాన్ని. హాలు పక్క గదిలో చీరలతో ఉయ్యాలలు కట్టించాను. ఏడుపు వినిపిస్తే డాక్టర్లనే కాసేపు ఆగమనేదాన్ని. ఆ పాప తల్లికీ ఉత్తరం పంపాను. ఆమె రాలేదు. కొలువు మానేసి ఇంట్లోనే బట్టలు కుడుతోందని పక్క ఊరి కార్యకర్త చెప్పింది.

ఆ మాట విన్న రోజు తరగతి జరుగుతుండగానే నేను లేచి పక్క గదిలోకి వెళ్లాను. ఎవరి బిడ్డో నిద్రపోతోంది. భోజనాల గంట కొట్టేదాకా ఆ ఉయ్యాల ఊపుతూ కూర్చున్నాను.