వాగ్దాన కార్డుకు ముందున్న వచనాలు

మొన్న కొత్త సంవత్సరం పొద్దున, ఈ ఏటి వాగ్దానమంటూ మా అమ్మాయి ఫోనులో ఒక బైబిలు వచనం పంపింది. నేను తలపెట్టింది కీడు కాదు, మేలేనని దేవుడు చెప్పే ఆ మాటను చూసి సంతోషించవలసిన నాకు, ముప్పై ఏళ్ల కిందటి ఈర్ష్య మళ్లీ గుర్తుకొచ్చింది.

అప్పట్లో జనవరి ఒకటిన ఆరాధన కాగానే, ఒక్కో వచనం రాసి పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకునేవాళ్లమని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పటాన్‌చెరులోని మా చిన్న సంఘంలో ఒక ఏడు ఈ వచనం మా పెదనాన్న కొడుక్కి వచ్చింది. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి ఎనిమిది నెలలు. అది తప్పక తెరుచుకుంటుందని ఆయన లేచి సాక్ష్యం చెబితే, అక్షరాలు కూడబలుక్కుని చదివే ఆ మనిషి మాటకు అందరూ కళ్లు తుడుచుకున్నారు. సంగారెడ్డి కాలేజీలో వాదనల పోటీలన్నీ గెలిచిన నేను ఎన్నిసార్లు ప్రసంగించినా ఒక్క కన్నూ చెమర్చలేదు.

ఆ నమ్మకంతోనే ఆయన, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర ఒక రైతు ఇస్తానన్న తోట పని వద్దని, రోజూ మూసిన గేటు ముందు కూర్చునేవాడు. ఇంట్లో వదిన కుమిలిపోయేది. ఆమె కోసమే, సత్యం కోసమే అని నాకు నేను చెప్పుకుని, ఆదివారం బైబిలు తరగతిలో లేచి ఆ వచనమున్న అధ్యాయాన్ని మొదటి నుంచి చదివాను. అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరమనీ, ఆ మేలు డెబ్బై ఏళ్లు గడిచాక వచ్చేదనీ, అంతవరకు అక్కడే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకొమ్మని పైనే ఉందనీ, ఉత్తరంలో ఒక్క వాక్యం కత్తిరించి జేబులో పెట్టుకోవడం న్యాయం కాదనీ వాదించాను.

"అంటే మా కంపెనీ తెరువరంటవా తమ్మీ?"

"ఆ మాట ఇందులో లేదన్నా."

"డెబ్బై ఏండ్లు గేటు కాడ గిట్లనే కూసుంటె నీ బొక్కలు గూడ మిగలయి," అంది వెనక నుంచి వదిన. అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు.

"జెర గా తోటల ముచ్చట మల్లొక్కసారి సదువు."

గెలిచిన గర్వంతో మళ్లీ చదివాను. మర్నాడు ఆయన గేటుకు పోలేదు, ఆ రైతు దగ్గరికి పోయాడు. జామ మొక్కలు నాటాడు, రెండు గదులు తన చేతులతోనే కట్టుకున్నాడు. ఫ్యాక్టరీ మరి తెరుచుకోలేదు. మరుసటి ఏడు ఆయన లేచి, తమ్ముడు ముందరి వచనాలు చదివి తనను గేటు కాడ నుంచి లేపాడని నలుగురిలో చెబితే, సంఘం మళ్లీ ఏడ్చింది, మళ్లీ ఆయన్ను చూసే. ఓడిన మనిషి అంత తేలికగా ఎట్లా లేచి నిలబడ్డాడో అర్థంకాక నేను తల దించుకున్నాను.

ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు నేనే ఆ తరగతి చెబుతున్నాను. ఈనాటి పిల్లలు చురుకైనవాళ్లు, ఏ వచనం ఎవరికి ఎప్పుడు రాసిందో నాకంటే ముందే చెబుతారు, నేను తప్పితే దిద్దుతారు. అయితే విన్నది విన్నట్టు లేచి పనిలోకి పోయేవాళ్లు మాత్రం కనబడరు. ఇన్నేళ్లూ బదిలీల మీద అద్దె ఇళ్లు మారుతూ, ఒక్క మొక్కైనా నాటని నేనూ వాళ్లలో ఒకణ్నే కనుక, ఎవరినీ ఏమీ అనలేను.