గోదత్త తయారు చేసిన పిల్ల

మా గౌలిపురలో గోదత్తను ఎదురుగా మెచ్చుకున్నవాళ్లు తక్కువ, వెనకాల అసలే లేరు. పదకొండేళ్లకే భర్త పోయి, తల గొరిగించుకున్న మనిషి. అన్నగారి వంటింట్లో పదిహేనేళ్లు పొగ మింగి, ఒకనాడు బయటికి వచ్చేసి, అద్దెగదిలో చేతిమిషను పెట్టుకుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పొద్దున్నే ఆమె ఎదురైతే మా అమ్మ కూడా శకునం బాగాలేదని వెనక్కి తిరిగేది. రవికెలు మాత్రం ఆమె దగ్గరే కుట్టించుకునేది.

గోదత్తకు అసలు పని నవాబుల దేవిడీల్లో దొరికేది. గోషా ఆడవాళ్లు మగ దర్జీకి కొలతలివ్వరు. ఆమె జనానాలోకి వెళ్లి, దారంతో కొలిచి, చేతికొకటి నడుముకొకటి ముడి వేసుకుని వచ్చేది. అంకెలు రావు. ఏ దారం ఏ బేగందో ముడులు తడిమి చెప్పేది.

1938లో వామన్‌రావు తన చెల్లెలు సూర్యప్రభను తెచ్చి ఆమె గడపలో దింపాడు. అతను బట్టల దుకాణంలో గుమాస్తా, గోదత్తకు మేనల్లుడి వరస. పిల్లకు పదహారేళ్లు, అప్పటికే విధవ. ఇల్లు ఇరుకైందన్నాడు. ఆ ఇల్లు నేను చూశాను, నాలుగు గదులు ఖాళీగా ఉన్నాయి.

ఈ పిల్ల తనలాగా ఎవరి వంటింట్లోనూ మగ్గకూడదని గోదత్త పంతం పట్టింది. కుట్టు ఒక్కటే నేర్పితే చాలదని ఆమెకు తెలుసు. తోడు లేనిదే గల్లీ దాటని పిల్లను పత్తర్‌గట్టీ బజారు దాకా తీసుకెళ్లి, దుకాణం ముందు నిలబెట్టి, తను వచ్చేసింది. పిల్ల ఏడ్చుకుంటూ, రవికె లోపలికి వేసే అస్తరు అడిగితే అది కాకుండా వేరేది పట్టుకుని ఇల్లు చేరింది. మర్నాడు గోదత్త మళ్లీ పంపింది, ఈసారి గల్లీ చివరి దాకా కూడా వెంట వెళ్లలేదు. మూడేళ్లకు సూర్యప్రభ ఉర్దూలో బేరమాడేది, బట్ట చాలదని బేగంల ముఖం మీదే చెప్పేది, కూలి తనే అడిగి తీసుకునేది. గోదత్త చూపు మందగించింది. మిషను ఆ పిల్లకే ఇచ్చేసి, పక్క గల్లీలో ఆమెకొక గది మాట్లాడింది.

ఆ గదిలో చేరకముందే వామన్‌రావు మిఠాయి పొట్లంతో వచ్చాడు. చెల్లెల్ని పంపించిన నాటి నుంచి తనకు నిద్ర లేదని కళ్లు తుడుచుకున్నాడు. మూడేళ్లలో ఒక్క పండుగకూ పిలవని మనిషి! గోదత్త పిల్లను పక్కకు పిలిచి వెళ్లవద్దని చెప్పింది.

"అన్న పిలిచిండు అత్తా. ఇన్నేండ్లకు పిలిచిండు," అన్నది సూర్యప్రభ.

బజారులో ఎట్లా నెగ్గుకు రావాలో నేర్పింది గానీ, సొంతవాళ్లు ప్రేమగా పిలిస్తే ఏం చెయ్యాలో గోదత్తకే తెలియదు. ఆమెను ఎవరూ పిలవలేదు కదా. మిషను జట్కాలోకి ఎక్కిస్తుంటే ఆమె కూడా ఒక చెయ్యి వేసింది.

నాలుగు నెలలకు పిల్లను చూసి వద్దామని గోదత్త శాలిబండలో వామన్‌రావు ఇంటికి బయలుదేరింది. చూపు ఆనదని నన్ను తోడు తీసుకెళ్లింది. వామన్‌రావు గుమాస్తా పని మానేసి అరుగు మీద దర్జాగా కూర్చున్నాడు. దేవిడీల దాసీలు కొత్త బట్ట, కొలతకు పాత రవికె తెచ్చి అతని చేతికే ఇస్తున్నారు, కూలి డబ్బులూ అతని చేతికే. లోపల సూర్యప్రభ పొయ్యి పక్కన మిషను పెట్టుకుని, కుడుతూ మధ్యలో లేచి అన్నం చూసుకుంటోంది. గడప దాటి ఎన్నాళ్లైందని గోదత్త అడిగితే, బయటి పనులన్నీ అన్నే చూసుకుంటున్నాడని చెప్పింది. తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మేం లేస్తుంటే వామన్‌రావు గోదత్త కాళ్లకు మొక్కాడు.

"పని మస్తుగున్నది అత్తా. ఇంకో పిల్లను గిట్లనే తయారు చేసి పంపుండ్రి. దిక్కు లేని పిల్లయితే మంచిగుంటది. తిండి మేమే పెడతం."

మరుసటి నెల పాలమ్మే బుచ్చమ్మ, తల్లీ తండ్రీ లేని తన మనవరాలిని తీసుకొచ్చి, పనేదైనా నేర్పమని బతిమాలింది. గోదత్త ఆ పిల్లను దగ్గరికి పిలిచి, రెండు చేతుల వేళ్లూ తడిమి చూసింది. తనకు కుట్టు రాదని చెప్పి, తలుపు వేసుకుంది.