సున్నపు లేసుల బూట్లు

ఫుట్‌బాల్ పదకొండు మంది కలిసి ఆడే ఆట అని నాంపల్లిలో అందరికీ తెలుసు, ఒక్క బిచ్చయ్యకు తప్ప. ఆయన లెక్క వేరు. పదిమంది బంతి తెచ్చివ్వాలి, ఒకడు గోలు కొట్టాలి. ఆ ఒకడెవరో వేరే చెప్పనక్కర్లేదు. అవతలివాళ్ళ గోలు ముందు, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషిలా తాపీగా నిలబడి, "గీడ! గీడియ్యిండ్రి!" అని, బంతి ఇక్కడికే, తనకే ఇమ్మని కేకలు పెట్టేవాడు. వెనక్కి వెళ్ళి బంతి తెచ్చుకోవడం ఆయన హోదాకు తక్కువ.

కానీ బంతి అందిందంటే మాత్రం చూడాల్సిందే. బూటు ఎరుగని ఆ కుడికాలి బొటనవేలితో ఒక్క పోటు పొడిస్తే, గోల్‌కీపరు వంగేలోపల బంతి వల వెనక ఉండేది. నలభై ఎనిమిదిలో పటాలం వచ్చి, నిజాం దొరతనం పోయి, రేపు ఏమవుతుందోనని ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంటే, ఈయన మాత్రం ఆటలు మళ్ళీ ఎప్పుడు మొదలవుతాయోనని బెంగపెట్టుకున్నాడు. మొదలయ్యాక నాలుగేళ్ళు ఆయనదే రాజ్యం. చాయ్ హోటల్లోకి అడుగుపెడితే చాలు, "బిచ్చన్న వచ్చిండు, జరగుండ్రి" అని బల్ల ఖాళీ చేసేవాళ్ళు.

టీము అబిడ్స్‌లో సైకిళ్ళ దుకాణం నడిపే శ్యామ్‌సుందర్ సేట్‌ది. ఆ దుకాణంలో బిచ్చయ్య కొలువు పంక్చర్లు వేయడం. ఆయన చేత్తో అతికిన ట్యూబును కళ్ళతో చూసినవాళ్ళు ఎవరూ లేరు. సేట్ కూడా ఆ సంగతి ఎత్తేవాడు కాదు. గోల్స్ కొట్టే మనిషికి గాలి కొట్టే పని చెప్పడమేమిటని ఆయన మర్యాద.

అంతలో పైనుంచి హుకుం దిగింది. ఇకమీదట బూట్లు లేనివాణ్ణి మైదానంలోకి రానివ్వరు. సేట్ కొత్త బూట్లు కొనిచ్చాడు. అవి వేసుకుని బిచ్చయ్య అత్తింట్లో కొత్తకోడలిలా అడుగులో అడుగేశాడు. గోలు వైపు కొట్టిన బంతి బషీర్‌బాగ్ రోడ్డు మీదికి పోయింది. రెండోది ఒక టాంగా గుర్రానికి తగిలింది. ఆ గుర్రం కూడా ఆయనకంటే బాగానే తన్నింది.

తుప్పు పట్టిన సైకిలును కూడా నొప్పించకుండా మాట్లాడే నేర్పు సేట్‌ది. "బిచ్చయ్యా, నువ్వు ఇగ ఉరుకుడు ఎందుకు? నిన్ను మేనేజర్ను చేస్తున్న" అన్నాడు.

"మేనేజర్ అంటే కుర్సీల కూసుంటవా?" అని భార్య పూలమ్మ సంబరంగా అడిగింది.

"ఔ మరి" అన్నాడు బిచ్చయ్య.

కుర్చీ లేదు. ఉడుపుల సంచి ఉంది, దాని మీదే కూర్చోవాలి. నిమ్మకాయలు కోయడం, బెణికిన కాళ్ళకు గుడ్డ చుట్టడం, తడిసిన జెర్సీలు పిండడం. ఇదీ మేనేజరుగారి అధికారం. పాత కోటు ఒకటి దొరికింది గనుక ఆ పనులన్నీ కోటు వేసుకుని చేసేవాడు. ఆయన చోట్లోకి ప్రేమ్‌రాజ్ వచ్చాడు. మెదక్ మిషన్ బడిలో బూట్లతోనే ఆట నేర్చుకున్న కుర్రగుమాస్తా. గోల్స్ కొట్టేవాడు, పైగా పక్కవాడికి బంతి కూడా ఇచ్చేవాడు. ఇదేం అలవాటో బిచ్చయ్యకు అర్థం కాలేదు.

చాయ్ హోటల్లో బల్ల ఖాళీ చేయడం ఆగిపోయింది. "బిచ్చన్నా, నిమ్మకాయలు తెచ్చినవా?" అని నవ్వడం మొదలైంది. ఆ నవ్వు ఆయనకు అన్నం సహించనివ్వలేదు. ఒక్కసారి, ఇంకొక్క ఆట, జనం తన పేరు పెట్టి అరవాలి. అంతకు మించి ఆయనకు ఏ కోరికా మిగల్లేదు.

మేనేజరుకు నిజంగా ఉన్న అధికారం ఒక్కటే. రెఫరీకి పదకొండు పేర్లు చెప్పడం. ఆటలో దిగినవాణ్ణి మధ్యలో మార్చే వీలు ఆ రోజుల్లో లేదు. యాభై నాలుగు వానాకాలం, ఫతేమైదాన్‌లో కప్పు సెమీఫైనల్. బిచ్చయ్య పదిమంది పేర్లు చెప్పి, పదకొండో పేరుగా తన పేరే చెప్పాడు.

"నా కాలు మంచిగనే ఉందన్నా" అన్నాడు ప్రేమ్‌రాజ్ బిత్తరపోయి.

"బెణికింది. మేనేజర్ను నేను. నీ కాలు సంగతి నీకంటె నాకెక్కువ తెలుసు."

మరి బూట్లో? ఆ ఏర్పాటు పొద్దున్నే అయిపోయింది. నాంపల్లి స్టేషను బయట బూట్‌పాలిష్ చేసే మల్లయ్య, బిచ్చయ్య పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని నల్లటి పాలిష్ మూడు పూతలు పూశాడు. పాన్‌డబ్బాలో సున్నం తీసి పుల్లతో లేసులు గీశాడు. మేజోళ్ళ అడుగులు కత్తిరించి చీలమండల దాకా లాగాడు. "బూట్లకు పాలిష్ ఏసిన గాని, పాలిష్‌తోని బూట్లు చేసుడు గిదే మొదలు" అని మురిసిపోయాడు. దూరంనుంచి చూస్తే సేట్ కొన్న వాటికంటే ఇవే ఖరీదైనవిగా కనిపించాయి.

ఆట మొదలైంది. బిచ్చయ్య తన పాత చోట నిలబడి "గీడ! గీడ!" అన్నాడు. కాసేపటికి సన్నగా చినుకులు పడ్డాయి. తడి గడ్డి మీద బూట్లవాళ్ళు జారిపడుతుంటే ఆయన పాదాలు మాత్రం నేలను పట్టుకుని నిలిచాయి. బంతి వచ్చింది. బొటనవేలు పొడిచింది. గోల్!

"బిచ్చన్నా! బిచ్చన్నా!" మైదానం దద్దరిల్లింది. ఆయన చేతులు చాచి గంతులేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క నిమిషానికి ఆయన ఎంత సంతోషపడ్డాడో, దాన్ని మాత్రం నేను ఎగతాళి చేయలేను.

గంతులేయకుండా ఉంటే రెఫరీ చూసేవాడు కాదేమో. సున్నం లేసులు ఎప్పుడో కరిగిపోయాయి. నల్లటి బూటు కొసన అయిదు వేళ్ళూ బయటపడ్డాయి. రెఫరీ వంగి, ఎద్దుకు నాడాలు కొట్టేవాడిలా ఆ కాలు పైకెత్తి పట్టుకుని, బొటనవేలిని గిల్లాడు. "అబ్బా!" అని అరిచింది బూటు.

ఆ గోలు చెల్లదన్నారు. బిచ్చయ్యను బయటికి పంపారు. మిగిలిన పదిమంది మునిమాపుదాకా బురదలో పొర్లి ఒక్క గోలుతో ఓడిపోయారు. బిచ్చయ్య వచ్చి ఉడుపుల సంచి మీద కూర్చున్నాడు. పక్కన ప్రేమ్‌రాజ్, బెణకని కాళ్ళతో. ఆ కుర్రవాడు తడిసిన ఆయన భుజాల మీద కోటు కప్పి, నిమ్మచెక్క ఒకటి చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది బిచ్చయ్యకు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

సేట్ గొడుగు వేసుకుని వచ్చాడు. ఆ పాదాల వైపు చూశాడు. "మేనేజర్ సాబ్, మనల్ని ఓడగొట్టినోన్ని ఏం చేద్దామంటవ్?"

"తీసేద్దాం సేట్. వాడింక ఆడడు" అన్నాడు బిచ్చయ్య. మేనేజరుగా ఆయన తీసుకున్న మొదటి సరైన నిర్ణయం అదే.

పాలిష్ వారం రోజులకు గాని వదల్లేదు. హోటల్లో నవ్వులు ఏడాదికి గాని వదల్లేదు. ఆయన మాత్రం నిమ్మకాయలు కోస్తూనే ఉన్నాడు. ప్రేమ్‌రాజ్ బూట్ల లేసులు ఎంత బిగువుగా కట్టాలో తానే వంగి చూసేవాడు. ఆ కప్పును సేట్ టీము యాభై ఆరులో గెలిచింది.

ఆ ఫైనల్ చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. గీత బయట పాత కోటులో ఒక మనిషి, తాను ఆడినప్పుడు కూడా పరుగెత్తనంతగా అటూ ఇటూ పరుగెడుతూ, గోలు ముందు నిలబడ్డ కుర్రవాడి వైపు చెయ్యి చాచి, గొంతు పగిలేలా అరిచాడట:

"గాడ! గాడియ్యిండ్రి!"