మా అమ్మ ముఖం మీది పదిహేడు గీతలు

పోయినవి మొత్తం పదిహేడు. నుదుటి మీద అడ్డంగా మూడు. కనుబొమల నడుమ నిలువుగా రెండు. కుడికంటి కొసన నాలుగు, ఎడమకంటి కొసన నాలుగు. ముక్కు పక్కనుంచి నోటివైపు దిగేవి చెరొకటి. కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఒకటి. ఇవి పదహారు. పదిహేడవది వీటితోపాటు పుట్టింది కాదు కాబట్టి దాని సంగతి దాని చోట చెబుతాను. ఇవన్నీ మా అమ్మ ముఖం మీది ముడతలు.

మొన్న మా కోడలు పోరు పడలేక నెల్లూరులో ఒక బ్యూటీ పార్లర్‌కు వెళ్లాను. అక్కడి పిల్ల నన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, నా ముఖం మీద వేలితో రాస్తూ, "ముడతలు రెండు రకాలు ఆంటీ. ముఖం కదిలిస్తే వచ్చేవి కొన్ని, కదిలించకపోయినా ఉండేవి కొన్ని. మొదటివి క్రీముతో తగ్గుతాయి. రెండోవాటికి మద్రాసులో సూది వేస్తారు" అని చెప్పింది. చక్కగా విడదీసి చెప్పింది, నాకు నచ్చింది. లెక్క ఏదైనా విడదీస్తేనే తేలుతుంది. కాని మా అమ్మ ముడతలు ఈ రెండు రకాల్లోనూ ఇమడవు. అవి కదిలిస్తే మాయమయ్యేవి, కదిలించకపోతే కనబడేవి.

ఎందుకంటే అమ్మ ఉప్పు కయ్యల్లో, అంటే ఉప్పు పండే మళ్లలో, పనిచేసేది. బోగోలుకు సముద్రం వైపున ఉన్న మా ఊళ్లో ఆడవాళ్లందరిదీ అదే పని. తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కింది నుంచి ముఖానికి కొడుతుంది. తలమీద గుడ్డ వేసుకున్నా దానికి అడ్డం లేదు. కళ్లు చికిలించుకుని, నొసలు ముడిచి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పారతో ఉప్పు లాగాలి. అలా ముడుచుకున్న మడతల లోపలికి ఎండ చేరదు. ముఖమంతా నల్లబడినా ఆ మడతల అడుగున మాత్రం పాతరంగు అలాగే నిలిచిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తడిక నీడన కూర్చుని అమ్మ ముఖం సడలించగానే ఆ మడతలు విప్పుకుని సుద్దతో గీసినట్టు తెల్లటి గీతలు బయటపడేవి. నేను ఒళ్లోకెక్కి వాటిమీద వేలు పెట్టి లెక్కబెట్టేదాన్ని. ఊళ్లో బడి ఉన్నా మేము పోయింది తక్కువ. కూడికలు నేను నేర్చుకున్నది అక్కడే. ఈ కంటికి నాలుగు, ఆ కంటికి నాలుగు, కలిపితే ఎనిమిది. ఇన్నేళ్లుగా ఊళ్లో అందరి లెక్కలూ చూసిపెట్టాను గాని, నా మొదటి పలక మా అమ్మ ముఖమే.

మా నాయన నన్ను చంకనేసుకునే రోజుల్లోనే రంగూన్ వెళ్లాడు. రెండేళ్లన్నది ఏడేళ్లయింది. ఆయన ఉత్తరాలు వస్తే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు చదివిపెట్టేవారు. ఒకసారి ఒక ఉత్తరంలో, నీ ముఖం మరపుకు వస్తున్నది, ఒక ఫోటో తీయించి పంపు అని రాశాడు. అయ్యగారు అది చదివి దగ్గారు. అమ్మ ఇంటికొచ్చి అద్దం తీసుకుని గుమ్మంలో కూర్చుంది. ఆయన చూసి వెళ్లిన ముఖం మీద ఒక్క గీతా లేదు.

మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. వైద్యం ఆమె చేతిలో పడింది. ముందు సెనగపిండిలో మీగడ కలిపి పూసింది. తర్వాత ఆముదం పెట్టి మర్దనా చేసింది. ఆముదం రాసిన ముఖంతో కయ్యలోకి పోతే ఎండకు వేయించినట్టయిందని అమ్మ ఆ వైద్యం మానేసింది. చివరికి కోడిగుడ్డు తెల్లసొన.

"ఆరిందాకా మాట్లాడొద్దు వదినా. నవ్వినావో, అంతా దండగే" అంది అత్త.

అమ్మ బిగదీసుకుని కూర్చుంది. తెల్లసొన ఆరి ముఖం పింగాణీ బొమ్మలా మెరిసింది. అత్త చూసి చూసి, "ఇప్పుడు గాని మా అన్న వస్తే, ఎవురి బిడ్డ ఈ పిల్ల, సమ్మందం ఉండాదా అని అడుగుతాడు" అంది. అమ్మకు నవ్వు ఆగలేదు. పూత పటపటమని పగిలింది. సరిగ్గా ఆ పదహారు గీతల వెంబడే పగిలింది.

"చూడు మే, గుడ్డుకు కూడా నీ గీతలే తెలుసు" అని అత్త నేలమీద పడి దొర్లింది. అమ్మ నవ్వుతూనే ఉంది. నవ్వుతూ నవ్వుతూ చెంపలు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

ఆ తర్వాత కావలికి పోయి స్టూడియోలో ఫోటో దిగాం. అమ్మ సిగ్గుపడుతూ ఫోటోగ్రాఫరును, "అన్నా, ఈ ముడతలు రాకుండా తియ్యలేవా?" అని అడిగింది. "దానిదేముందమ్మా, టచింగులో తీసేస్తా" అన్నాడతను. ఆ రోజుల్లో ఫోటో ముందు గాజుపలక మీద పడేది. ఆ పలక మీద సన్నటి పెన్సిలుతో గీతలన్నీ పూడ్చేసి కాగితం మీదికి అచ్చు తీశాడు. అందులో మా అమ్మ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని, మొగుడికి తననే దాచి పంపుతున్నంత గుట్టుగా కవర్లో పెట్టింది.

కొన్నాళ్లకు, రంగూన్‌లో ఉండనివ్వక మనవాళ్లంతా ఓడలెక్కి తిరిగొస్తున్న కాలం వచ్చింది. నాయన వస్తున్నట్టు కబురందితే అమ్మా, అత్తా, నేనూ మద్రాసు హార్బరుకు వెళ్లాం. జనం, ట్రంకుపెట్టెలు, ఏడుపులు, ఎండ. అత్త నాకు మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. అమ్మ ఒకచేత్తో నన్ను పట్టుకుని, కళ్లు చికిలించి దిగేవాళ్ల ముఖాలు వెదుకుతోంది. పక్కనుంచి ఒక మనిషి వచ్చాడు. బక్కగా ఉన్నాడు, తలమీద పెట్టె, చొక్కా జేబులో సగం బయటికి ఫోటో.

"అక్కా, బోగోలు తట్టునుంచి వచ్చినోళ్లు యాడన్నా కనపడినారా?" అని అమ్మను అడిగాడు.

గొంతు అమ్మకు తెలిసింది. ఆమె పమిట ముందుకు లాక్కుని, తల వంచి, "ఈడనే ఉండారు" అంది.

అప్పుడే నీళ్లతో వచ్చిన అత్త అన్నను చూసి కేకపెట్టింది. సంగతి తెలిసి ఏడుపూ నవ్వూ ఒక్కటిగా, "ఓరన్నా, కట్టుకున్నదాన్ని అక్కా అంటివే!" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన, "ఎండ కండ్లల్లో పడిందే" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. ఎండ కళ్లలో పడిందన్న మాట నాయన ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. నేను లెక్కబెట్టని వాటిలో అదొకటి. ఆయన మంచివాడు. మర్నాటినుంచి అమ్మతోపాటు కయ్యలోకి దిగాడు, ఆమె పార తను లాక్కునేవాడు. కాని అమ్మ ఇంట్లో కూడా పమిట ముందుకు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రం తడిక నీడన కూర్చునేటప్పుడు కూడా గోడవైపు తిరిగి కూర్చునేది. వేలు పెట్టబోతే, "పెద్దదానివైనావు, ఇంకేం లెక్కలే" అని నా చెయ్యి తీసేసేది.

మూడో ఏడు అమ్మ కామెర్లతో పోయింది.

పెద్ద పటం కట్టిద్దామని నాయన నన్ను తీసుకుని కావలి వెళ్లాడు. "ఆ పెన్సిలు తుడిచేసి, ఉన్నదున్నట్టు తియ్యన్నా" అని అడిగాడు. ఫోటోగ్రాఫరు నొచ్చుకున్నాడు. పాత గాజుపలకలన్నీ వేడినీళ్లతో కడిగేసి పటాలకు అద్దాలుగా వేసేశామన్నాడు. అంటే అమ్మ అసలు ముఖం కడుక్కుపోయి, ఎవరింట్లోనో ఎవరి పటానికో అద్దమై ఉంది.

ఇంటికొచ్చాక నాయన జేబులో నలిగిన ఆ ఫోటోను పీటమీద పెట్టి, పెన్సిలు చెక్కి, "నువ్వు లెక్కబెట్టినదానివి గదా, చెప్పు" అన్నాడు. నేను చెప్పాను, ఆయన గీశాడు. పదహారయ్యాయి. ముఖం అమ్మది కాలేదు, నల్లగీతలు పడ్డ ఫోటో అయింది. తెల్లపెన్సిలు ఉంటే బాగుండేదేమో. అప్పుడు నాయన పెన్సిలు మొనను ఎడమవైపు పెదవి కొసన ఆనించి ఆగాడు.

"ఈడ ఇంకొకటి ఉండాది."

"నేను చూడలేదు నాయనా."

"హార్బరునుంచి వచ్చినాక పడింది. నేనే చూసినా. అది నేనే పెట్టింది గదా." కాసేపు అలాగే పట్టుకుని, పెన్సిలు కింద పెట్టేశాడు. ఆయన బతికినంతకాలం ఆ గీత గీయలేదు.

పార్లరులో ఆ పిల్ల అద్దం నా చేతికిచ్చి, "చూడండి ఆంటీ, ఎన్ని ఉన్నాయో" అంది. చూశాను. నుదుటి మీద మూడు, కనుబొమల నడుమ రెండు, కళ్ల కొసల నాలుగేసి, ముక్కు పక్కల చెరొకటి, గడ్డం పైన ఒకటి. తెల్లవి కావు, కాని చోట్లు అవే. క్రీము వద్దమ్మా అని లేచి వచ్చేశాను. కోడలు దారంతా సణిగింది. కాలం తను పట్టుకుపోయినవాటిని ఒక్కొక్కటే తెచ్చి నా ముఖం మీద జమ వేస్తోంది. పదహారూ వచ్చేశాయి. ఎడమ పెదవి కొస మాత్రం ఇప్పటికీ నున్నగానే ఉంది. ఇంకా రావలసింది ఒకటి.