గజం, అతి దగ్గర నుంచి

ఇన్నేళ్లుగా గ్రూపులో ఎవరూ నా మాట పట్టించుకోలేదు కాబట్టి, ఇక ఈ సంగతి నేరుగా మీకే చెబుతున్నాను. ఇందులో ఒక ఏనుగు, ఒక లెన్సు, నా పరువు ఉన్నాయి. చివరికి ఏనుగు, లెన్సు క్షేమంగానే ఉంటాయి.

ఉప్పల్లో మాకొక ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపు ఉంది. ఆదివారం పొద్దున్నే వాళ్లంతా కారులో చెరువుల వెంట తిరిగి, పిట్టల్ని తీసి, చాయ్ తాగి వస్తారు. నేను నాచారంలో ఒక గదిలో ఒక్కణ్ణే ఉంటాను. ఫ్యాక్టరీ లేని ఆ రోజు నాతో మాట్లాడేది కుక్కరు మాత్రమే. అదీ మూడు కూతలతో సరిపెడుతుంది. నన్ను కూడా తీసుకెళ్లమని గ్రూపు పెద్ద రవీందరన్నను అడిగాను.

"నీకాడ ఏం లెన్సుంది?" అన్నాడు.

"వైడ్ యాంగిల్ అన్నా."

"దాంతోని పిట్టలేం వస్తయ్ తమ్మీ. దగ్గరికి పోయి ఏనుగుల దియ్యి. తీస్కరా, అప్పుడు సూద్దాం."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

తెలియనివారి కోసం చెబుతాను. వైడ్ యాంగిల్ లోకాన్నంతా చూపిస్తుంది గానీ, ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కడికో దూరంగా తోసేస్తుంది. మా గ్రూపు కూడా అంతే. ఆ రోజుల్లో ఈ రెండు సంగతులూ నా బుర్రకెక్కలేదు.

పలమనేరు వైపు అడవి ఏనుగులు పొలాల్లోకి దిగుతాయని విని, సెలవు పెట్టి పోయాను. మునిరత్నం అనే రైతు తన చెరకుతోట గట్టు మీదికి తీసుకెళ్లాడు. ఎదురుగా పెద్ద బీడు. దాని నడుమ ఒంటరి ఏనుగు. కెమెరాలో చూస్తే ఇడ్లీ పిండిలో పడ్డ చీమంత ఉంది. కొంత దూరం నడిచి ఒక ఫోటో నొక్కాను. చీమ బొద్దింక అయింది.

"అయ్యా, ఇంక ముందుకు పోవద్దు" అన్నాడు మునిరత్నం.

"మస్తు చిన్నగ కనవడ్తుంది."

"దానికి మీరూ చిన్నగానే కనపడతా ఉండారు. అందుకే చెప్తా ఉండా."

కెమెరా కంటికి ఆనించుకుని ఇంకా నడిచాను. అందులో ఏనుగు దూరంగానే, నిమ్మళంగానే ఉంది. ఏదో ఘాటు వాసన తగిలి కెమెరా దించాను. ఏనుగు దూరంగా లేదు. చెవుల చిరుగులు కూడా లెక్కపెట్టొచ్చు. అది చెవులు విప్పి ఒక్క అరుపు అరిచింది. నేను టోపీ, చెప్పులు, ధైర్యం ఒక్కొక్కటే వదిలేస్తూ పరిగెత్తి బురద కాలవలో పడ్డాను.

"లేవండి సార్, అది రాలేదు" అన్నాడు మునిరత్నం.

నిజమే. రెండడుగులు వేసి ఆగి, అటు తిరిగి గడ్డి పీక్కుంటోంది. చాలా కాలానికి ఒక ప్రాణి నాకేసి సూటిగా చూసిందనుకుంటే, అదీ అంతలోనే నన్ను మరిచిపోయింది.

తిరిగొస్తూ బస్సులోంచి ఆ ఒక్క ఫోటోనే గ్రూపులో పెట్టాను. గంభీరంగా ఉండాలని కింద ఇలా రాశాను: "గజం. అతి దగ్గర నుంచి."

అందరి టిక్కులూ నీలమయ్యాయి. ఒక్కరూ పలకలేదు. మర్నాడు ఆదివారం. గ్రూపులోనే ఉన్న, ప్లాట్లు అమ్మిపెట్టే సత్తన్న ఫోన్ చేశాడు.

"అన్నా, ఫోటో సూసిన. మస్తుంది."

స్టవ్ ఆపి ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. "శానా దగ్గరికి పోయిన అన్నా."

"దగ్గరనే అని రాసినవ్ గదా. రింగు రోడ్డుకు ఎంత దగ్గర? గజం ఎంత జెప్తున్నరు?"

"గజం అంటే ఏనుగు అన్నా."

"ఏనుగేంది? ఖాళీ జాగ గదనే అది. నడుమ నల్లబండ ఒక్కటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే గా బండ తీపిచ్చి ఇస్తరా?"

ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టలేదు. మట్టి రంగు, గాలి, బోరు వేస్తే నీళ్లు పడే అవకాశం, అన్నీ ఓపిగ్గా చెబుతూ కూర్చున్నాను. ఆ ఆదివారం నాకొచ్చిన ఫోను అదొక్కటే.

అందుచేత అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఉప్పల్, నాచారం పొలిమేరల్లో ఊపిరి ఉన్నంతవరకు ఏనుగును ఏనుగనే అంటాను. గజం జోలికి పోను.

రవీందరన్నా, నువ్వు చూశావని నాకు తెలుసు. ఏనుగును తెమ్మన్నావు, తెచ్చాను. వచ్చే ఆదివారం మీ కారు నాచారం మీదుగా వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పు.