డీజిల్ వాసన లేని కారు

నేను పెట్రోలు బంకులో మేనేజర్ని. పెళ్లయినప్పటి నుంచీ డ్యూటీ దిగి ఇంటికి రాగానే పెరట్లో స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే లోపలికి అడుగుపెడతాను. మా ఆవిడకు డీజిల్ వాసన పడదు. ఖమ్మంలో బస్సెక్కితే వైరా చేరకముందే కిటికీలోంచి తల బయటపెడుతుంది. మా పాత డీజిల్ కారులోనూ అదే కథ. ముదిగొండలో బడికి మాత్రం రోజూ స్కూటీ మీద వెళ్లి పాఠాలు చెప్పి వస్తుంది, అప్పుడేమీ కాదు. బస్సూ కారూ పడక దూర ప్రయాణాలంటూ మా ఇంట్లో లేకుండా పోయాయి.

ఆమెకు ఉన్నది ఒక్కతే అక్క. భద్రాచలంలో నర్సు. అక్క కొడుకు పెళ్లికి మేము పోలేదు. అక్కకు ఆపరేషన్ అయినప్పుడూ పోలేదు. ఈమధ్య ఆవిడ కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశ ప్రార్థన పెట్టుకుంది. ఫోన్ చేసి, "ఈసారి నువ్వు రాకపోతే ఇగ దేనికీ పిలవనే నిన్ను" అంది. మా ఆవిడ ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయింది. నాకు మనసు మనసులో లేదు.

గ్రానైట్ వ్యాపారం చేసే నా చిన్ననాటి దోస్తు ఒకడు ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ఇక నీతో పనిలేదురా అన్నట్టు, మా బంకు ముందు నుంచి పోయినప్పుడల్లా హారన్ కొట్టేవాడు. డీజిల్ చుక్క అక్కర్లేని కారు. ఈ ఆలోచన తట్టాక ఇక నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి సిగ్గు విడిచి అడిగేశాను.

"తీస్కపోరా. చార్జింగ్ మస్తుగ ఉంది, పోయొచ్చినా మిగుల్తది. గీత పడ్డదంటే మాత్రం మళ్ల నా మొకం చూడకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తాళం ఇచ్చేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు.

ప్రార్థన రోజు పొద్దున మా ఆవిడతో ఎక్కి కూర్చున్నాక అది స్టార్టయిందో లేదో కూడా తెలియలేదు. ఇంజన్ చప్పుడు వినపడకపోతే నాకు చేతులాడవు. పెడల్ నొక్కితే ఒక్కసారిగా ముందుకు దూకింది. భయపడి కాలు తీస్తే, బ్రేకు తొక్కకుండానే తనంతట తాను ఆగబోయింది. తల్లాడ దాకా ఇదే వరస. దానికి తోడు తెరమీద చార్జింగ్ అంకె. అది ఒకటి తగ్గినప్పుడల్లా నా ప్రాణం కూడా అంత తగ్గేది. పాటలు ఆపాను. ఏసీ తగ్గించాను. దారిలో బంకు కనిపిస్తే అలవాటుగా అటు చూడటం, దానితో మనకేం పనిలేదని గుర్తొచ్చి ఇంకా కంగారు పడటం.

"ఎట్లుంది?" అని ఊరూరికీ అడిగాను.

"మంచిగనే ఉంది."

"వాసన ఏమన్న వస్తుందా?"

"కొత్త చెప్పుల వాసనొస్తుంది. రోడ్డు చూడు."

ఏన్కూరు దాటాక అడవి మొదలైంది. రోడ్డు మీద పశువులు. చప్పుడు లేని బండికి అవి జరగవు. హారన్ కొట్టాను, ఆపాను, దూకించాను, మళ్లీ ఆపాను. పక్కకు చూస్తే ఆమె పర్సులోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. "ఆపు" అంది.

టేకు చెట్ల కింద వాంతి చేసుకుంది. నీళ్లు పోశాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఇందుల డీజిలే లేదు కదా" అన్నాను, ఆ కారుతో తగువు పెట్టుకుంటున్నట్టు.

ఆమె మొహం కడుక్కుని కల్వర్టు మీద కూర్చుంది.

"డీజిల్ కాదు."

"మరి ఏంది?"

"నువ్వు."

నీళ్ల సీసా మూత బిగిస్తూ ఆమె వైపు తిరిగాను. ఆమే అంది. "బస్సుల డీజిలే. మన కార్ల మాత్రం నువ్వే అని నాకు ఎప్పటినుంచో అనుమానం. నీకు కాలు ఒక్కతాన ఉండదు. ఇంట్ల కుర్చీల కూసున్నా మోకాళ్లు ఊపుతనే ఉంటవ్. చూస్తేనే తిప్పుతది."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా చలికాలంలో కూడా పెరట్లో స్నానం చేసిన మనిషిని. "అయితే నువ్వే నడుపు" అన్నాను.

మాటవరసకు అన్నాను. ఆమె మాత్రం కారు వైపు చూస్తూ ఆలోచనలో పడింది. కారు నేర్చుకున్నప్పుడు ఇద్దరం కలిసే నేర్చుకున్నాం, లైసెన్సులూ కలిసే తెచ్చుకున్నాం. కానీ క్లచ్చు, గేర్లు ఆమెకు కుదరలేదు. ఒకసారి నడిరోడ్డు మీద బండి ఆగిపోయి, వెనక అందరూ హారన్లు కొట్టాక మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు.

"దీనికి గేర్లు లేవు గద?"

"లేవు."

"క్లచ్చు?"

"అది గూడ లేదు."

"అయితే స్కూటీ లెక్కనే" అంది, కొంగు దోపుకుంటూ.

వద్దనాలని నోటిదాకా వచ్చింది. దోస్తు కారు చుట్టూ తిరగడం కళ్లముందు మెదిలింది. కానీ వద్దంటే వెనక్కి తిరగాలి. తిరిగితే అక్క మళ్లీ పిలవదు. ఎడమ సీట్లోకి మారాను.

మెల్లగా నొక్కింది, మెల్లగా వదిలింది. బండి దూకలేదు. పశువులు అడ్డమొస్తే కాలు కాస్త తీసి, అవి పోయేదాకా ఊరికే కూర్చుంది. నేనే లేని బ్రేకు తొక్కుతూ, "లారీ, లారీ, పక్కకు" అంటూ వచ్చాను. జూలూరుపాడు దగ్గర నోరు మూసుకోమంది. పాల్వంచ దాటాక, "ఆ అంకె చూడకు, బయటికి చూడు" అంది. చూశాను. చెట్లు వెనక్కి పోతుంటే కడుపులో తిప్పడం మొదలైంది. సారపాక దగ్గర సిగ్గు చంపుకుని నిమ్మకాయ అడిగాను. ఏమీ అనకుండా ఇచ్చింది.

గోదావరి వంతెన దాటి అక్క వాళ్ల వీధిలోకి తిరిగాం. అక్క గేటు దగ్గరే ఉంది, చేతిలో నీళ్ల చెంబుతో. చెల్లెలి సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. కారు ఆగగానే గబగబా ఎడమవైపు వచ్చింది. అద్దం దించాను. ముక్కు దగ్గర నిమ్మకాయతో నేను.

అటు పక్క తలుపు తీసుకుని మా ఆవిడ దిగింది. చీర సర్దుకుని, "వచ్చిన అక్కా" అంది.

అక్క ఆ చెంబు నా చేతిలో పెట్టేసి అటు పరుగెత్తింది.